సలోమి మేడం నెయ్యి పరీక్ష

మొన్న పొద్దున మా కోడలు అటక మీది నుంచి ఒక స్టీలు డబ్బా దించి మూత తీసింది. ఎప్పుడో దాచి మరిచిపోయిన నెయ్యి. మూత పూర్తిగా ఊడిరానే లేదు, కనరు వాసన వంటింట్లోంచి హాల్లో పేపరు చదువుకుంటున్న నా దాకా వచ్చింది. "పారెయ్యాలి, పారెయ్యాలి" అంటూ అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం లేచి వెళ్లి, డబ్బా చేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని మరోసారి వాసన పీల్చాను. "అత్తమ్మకు ఏమైందే?" అని కోడలు మా మనవరాలిని అడుగుతోంది. నాకేమీ కాలేదు. నెయ్యి ఏ మేరకు చెడిందో వాసనతో అంచనా కట్టడం, ఆ తర్వాత పరీక్ష చేసి నా ముక్కు నిజం చెప్పిందో బొంకిందో తేల్చుకోవడం ఒకప్పుడు నా ఉద్యోగం. ఆ ఉద్యోగం నేర్పిన మనిషి గుర్తొచ్చింది, అంతే. ఇప్పుడు మా కంఠేశ్వర్‌లో ఏ మందుల షాపుకు వెళ్లినా 'యాంటీ ఆక్సిడెంట్' అని పెద్ద అక్షరాలతో అచ్చేసిన సీసాలు వరసగా కనిపిస్తాయి. ఆ మాట నిజామాబాదులో మొదట పలికింది మా సలోమి మేడమేనని నేను బల్ల గుద్ది చెబుతాను. కాదనేవాళ్లుంటే రమ్మనండి, మాట్లాడుకుందాం.

అరవైల నాటి సంగతి. స్టేషను రోడ్డు వెనక గంగాధర్ సేఠ్ అనే ఆయనకు ఒక ఆయుర్వేద మందుల కార్ఖానా ఉండేది. కార్ఖానా అంటే పెద్దదేమీ కాదు. పెంకుల షెడ్డు, నాలుగు పెద్ద పొయ్యిలు, లేహ్యం కలిపే ఇత్తడి గంగాళాలు, సీసాలకు లేబుళ్లు అంటించే ఆడవాళ్లు. బోధన్ చక్కెరతో ఉసిరి లేహ్యం చేసేవారు. దాంతో పాటు బాలింతలకూ, జబ్బుపడి లేచినవాళ్లకూ ఇచ్చే మందు నెయ్యి చేసేవారు. ఆ కార్ఖానాలో సలోమి మేడం కెమిస్టు. మోస్రాలో ఒక మెథడిస్టు రైతు కుటుంబంలో పుట్టి, మిషను హాస్టల్లో ఉండి చదువుకుని, హైదరాబాదులో కెమిస్ట్రీ డిగ్రీ పుచ్చుకుని వచ్చిన మనిషి. సేఠ్ వెంటబడి, పోరి పోరి, పాత సామాన్లు పడేసే ఒక గదిని ఖాళీ చేయించి ల్యాబు చేసుకుంది. గోడలకు తానే దగ్గరుండి సున్నం వేయించింది. ఆ గదిలోకి చెప్పులతో ఎవరైనా అడుగుపెడితే, సేఠ్ అయినా సరే, గుమ్మం దగ్గరే ఆపేది. "గిది నా చర్చి అనుకోండి సేఠ్ సాబ్" అనేది నవ్వుతూ. నవ్వుతూ అన్నా ఆయన చెప్పులు విప్పాల్సిందే.

నేను బీఎస్సీ పాసై ఉద్యోగానికి వెళ్లినప్పుడు మేడం నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. రెండు చెంచాల నెయ్యి నా ముందు పెట్టి, "వాసన చూసి చెప్పు, ఏది తాజాది?" అంది. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. డిగ్రీ చదివి వచ్చిన నాకు వంటింటి పరీక్షా అనుకున్నాను. అయినా చూసి చెప్పాను. నేను చెప్పింది తప్పు. మేడం పకపకా నవ్వింది. ఆమె నవ్వితే లేబుళ్లు అంటించే ఆడవాళ్లు కూడా పని ఆపి ఇటు చూసేవాళ్లు. "ముక్కు మాట వినాలె సుజాతా. విను గనీ దానితోని సంతకం పెట్టియ్యకు" అంది. మరుసటి రోజు నుంచి నేను ఆమె అసిస్టెంటును.

ఆమె పరీక్ష చేస్తుంటే చూడాలి. తెల్లటి వాయిల్ చీర కొంగు నడుముకు బిగించి, గొంతులోనే ఏదో ప్రార్థన గీతం కూనిరాగం తీస్తూ, గాజు గొట్టం మీద నుంచి చూపు తిప్పేది కాదు. పద్ధతి చెబితే తేలికగానే అర్థమవుతుంది. గాలి తగిలి చెడిన నెయ్యిలో ఒక మందునీళ్లు కలిపితే అయోడిన్ బయటపడుతుంది. అందులో కాస్త అన్నం గంజి పోస్తే నీలంగా మారుతుంది. ఇక ఫొటో స్టూడియోల వాళ్లు వాడే హైపోను కరిగించి చుక్క చుక్కగా వదలాలి. నీలం పోయేదాకా ఎంత హైపో పడితే నెయ్యి అంత చెడినట్టు. గంజి మా ఇంటి నుంచి నేనే గ్లాసులో తెచ్చేదాన్ని. "మీ అమ్మ వండిన బువ్వ మీద నిలవడ్డది మన సైన్సంత" అని మేడం ఎగతాళి చేసేది. అమ్మకు ఆ మాట చెబితే ఎంత మురిసిపోయిందో! వాడకట్టంతా చెప్పుకుంది.

అసలు కథ ఒక వేసవి తర్వాత మొదలైంది. ధర్మాబాద్ వ్యాపారులకు పంపిన మందు నెయ్యి ఎండలకు కనరు పట్టి, సీసాలకు సీసాలు తిరిగి వచ్చాయి. సేఠ్ మొహం మాడిపోయింది. ఆయన దగ్గరి పాత వైద్యుడితో కూర్చుని ఉసిరి, కరక్కాయ, తిప్పతీగ కలిపి ఒక పొడి తయారు చేయించాడు. ఆ పొడి వేసి నెయ్యి కాచి వడగడితే ఎంత ఎండకైనా చెడదని వైద్యుడి నమ్మకం. సేఠ్ ఆ పొడి పొట్లం తెచ్చి మేడం బల్ల మీద పెట్టి, "మేడం, గిది పని జేస్తదో లేదో తేల్చి చెప్పుండ్రి. ఈసారి గూడ మాల్ వాపస్ వచ్చిందంటే గీ ల్యాబు నాకెందుకు? గీ గదిల సీసాలు పెట్టుకుంట" అన్నాడు. ఆయన వెళ్లాక మేడం కిటికీ రెక్క మీద దుమ్ము లేకపోయినా తుడిచింది. ఆ గది పోతే ఆమెకు ఏమవుతుందో నాకు తెలుసు. మరో ఊళ్లో మరో ఉద్యోగం దొరుకుతుందేమో, కానీ ఆ గది దొరకదు.

వేసవి వచ్చేదాకా ఆగి చూసే తీరిక లేదు. నెయ్యిని వెచ్చటి చోట పెడితే త్వరగా చెడుతుంది, అలా ముందే తెలుసుకోవచ్చు. మా ల్యాబులో కరెంటు ఉన్న వేళ కన్నా లేని వేళే ఎక్కువ, ఇక వెచ్చగా ఉంచే కరెంటు పెట్టె ఎక్కడిది? దానికి మేడం ఉపాయం కోటగిరిలో ఉంది. మాకు నెయ్యి అమ్మే పోశవ్వ ఇంటి వెనకే ఆమె కొడుకు చెరుకు గానుగ. గానుగ ఆడే కాలమంతా బెల్లం పొయ్యి ఆరదు, దాని వెనక గోడ ఎప్పుడూ ఒకే తీరుగా వెచ్చగా ఉంటుంది. ఆ గోడలో ఒక గూడు. అంతకు ముందు సంవత్సరమే మేడం బజారులో కొన్న మామూలు నెయ్యితో కొలుచుకుని పెట్టుకుంది, ఆ గూట్లో ఎంత కాలం ఉంటే బయట ఒక ఎండాకాలం గడిచినట్టో. నేను నోరెళ్లబెట్టాను. "హైదరాబాదుల చానా ఖరీదైన పెట్టె చూసిన. గిది దానికేం తక్వ లేదు, బెల్లం గూడ పెడ్తరు" అంది.

పోశవ్వకు చెప్పాం. వెన్నలో సగం ఈ పొడి వేసి కాచాలి, సగం ఏమీ కలపకుండా కాచాలి. రెండూ వేరువేరు సీసాల్లో పోసి గూట్లో పెట్టాం. వారం వారం బస్సెక్కి వెళ్లడం, కాస్త కాస్త తీసుకురావడం, పరీక్షించడం. ఏమీ కలపని నెయ్యి చెడాలి, పొడి వేసింది నిలవాలి. అప్పుడే పొడిలో సత్తువ ఉన్నట్టు. అదేమి చిత్రమో, రెండూ చెడలేదు. గూట్లో సగం ఎండాకాలానికి సరిపడేంత కాలం గడిచినా రెండు సీసాలూ దాదాపు సమానంగానే నిలబడ్డాయి. నేను హైపో మళ్లీ కలిపాను. గంజి మార్చాను. గాజు గొట్టాలు కడిగి కడిగి నా చేతులు పగిలాయి. తప్పు నాదేనని నా బాధ.

సేఠ్‌కు మాత్రం పండగే. "మందు నెయ్యి చెడలే గద మేడం? రాసెయ్యుండ్రి మరి!" అన్నాడు.

"ఉత్త నెయ్యి గూడ చెడలే సేఠ్ సాబ్. మరి మీ పొడి చేసిందేంది?"

"గది నాకెందుకు? నా మాల్ చెడలే, గంతే!"

"మీకు అక్కర లేకుంటే లేదు. నాకు కావాలె" అని మేడం గొడుగు తీసుకుంది. అప్పటికప్పుడు ఇద్దరం కోటగిరి బస్సెక్కాం.

మేం వెళ్లేసరికి పోశవ్వ పొయ్యి ముందు కూర్చుని వెన్న కాస్తోంది. "రాండ్రి బిడ్డా, కూసోండ్రి" అంటూనే వెనక్కి చెయ్యి చాచి, గోడకు ఆనుకుని ఉన్న కొమ్మ నుంచి మునగాకు రెబ్బ ఒకటి దూసి, చూడనైనా చూడకుండా నెయ్యిలో వేసింది. మేడం నడుస్తున్నది నడుస్తున్నట్టే ఆగిపోయింది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అవ్వా, మా నెయ్యిల గూడ గిట్లనే ఆకేసినవా?"

"ఎయ్యకుంట ఎట్లుంటది బిడ్డా? ఆకు గలగలమంటెనే గద నెయ్యి కాగినట్టు ఎర్కయ్యేది."

"రెండిట్ల వేసినవా?"

"రెండిట్లేసిన. ఒక్కదాంట్ల ఏసి ఇంకోదాంట్ల ఎయ్యకపోతె నెయ్యి చిన్నవోదా?"

నాకు ఒళ్లు మండింది. "ఏం కలపకుండా కాచమన్నాం కదా అవ్వా!" అని గట్టిగానే అన్నాను. పోశవ్వ నా వంక జాలిగా చూసింది. "ఏం కలపలే బిడ్డా. ఆకేసుడు కలుపుడెట్లయితది? కలుపుడంటె డాల్డా కలుపుడు, నూనె కలుపుడు. నా ఇంట్ల గసొంటి పని లేదు" అంది. నిజమే కదా, ఆమె లెక్కలో మేం ఆమె నిజాయితీని శంకించడానికి వచ్చాం. అప్పటికే ఆమె కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. మేడం గబుక్కున ఆమె పక్కన పీట లాక్కుని కూర్చుని, పడీ పడీ నవ్వింది. ఎంత నవ్విందంటే పోశవ్వకు కూడా ఏడుపు పోయి నవ్వొచ్చింది. "అవ్వా, నీ తప్పు కణమంత లేదు. ఎట్ల కాగవెడ్తవని మేం అడగనే లే. మేం అనుకున్నది మేం చెప్పి పోయినం" అంది. తిరుగు బస్సులో నాకు మాత్రం కాస్త గట్టిగానే పడింది. "పెద్దమనిషి మీద గట్ల లేస్తరా? ఇంకోసారి ఎవలకన్న పని చెప్పేముందు, నువ్వెట్ల చేస్తవో ఒకసారి చేసి చూపియ్యుమని అడుగు" అని మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

మళ్లీ మొదటి నుంచి. ఈసారి మూడు రకాలు. పొడి వేసింది, ఆకు వేసింది, ఏమీ వెయ్యనిది. కానీ ఆకు వెయ్యని నెయ్యి కాచడానికి పోశవ్వ ససేమిరా ఒప్పుకోలేదు. "నా చేతులతోని గా పని చెయ్య బిడ్డా. తిన్నోళ్లు నన్ను తిడ్తరు" అంది. ఎవరూ తినరని చెప్పినా వినదు. చివరికి మేడమే కొంగు బిగించి పొయ్యి ముందు కూర్చుంది. ఆకు లేకుండా ఎప్పుడు దించాలో తెలియక, చెవి దగ్గరగా పెట్టి నెయ్యి చప్పుడు వింటూ చెమటలు కక్కింది. పోశవ్వ వెనక నిలబడి, "అయిపాయె, మాడిపాయె, దించు దించు!" అని ఒకటే కేకలు.

ఈసారి గూడు తన పని తాను చేసింది. ఏమీ వెయ్యని నెయ్యి కొన్ని వారాలకే కనరు కొట్టింది. పరీక్షలో ముదురు నీలం వచ్చి, హైపో ఎంత పోసినా పోనని మొండికేసింది. ఆకు నెయ్యి చాలా కాలం నిలిచినా, గడువుకు ముందే మెల్లగా కనరుకు లొంగింది. పొడి వేసిన నెయ్యి మాత్రం ఎండాకాలమంత గడువు దాటేదాకా లేత నీలంతోనే సరిపెట్టింది. కడపటి చుక్క పడి నీలం మాయమవగానే మేడం రెండు చేతులూ జోడించి గట్టిగా "స్తోత్రం!" అంది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మా గది నిలబడింది! ఆ రోజే ఆమె నాకు ఆ మాట చెప్పింది. "గాలి నెయ్యిని తింటది సుజాతా. గీ ఉసిరి, గీ ఆకు ఏం జేస్తయంటే, ముందు నన్ను తిను అని అడ్డం పోతయి. గవి అయిపోయేదాంక నెయ్యికి ఢోకా లేదు. దీన్ని ఇంగ్లీషుల యాంటీ ఆక్సిడెంట్ అంటరు." ఆ తర్వాత ఎందరో ప్రొఫెసర్లు అదే విషయం పుస్తకాలకు పుస్తకాలు చెప్పారు. నాకు అర్థమైంది మాత్రం ఆ రోజే.

అంతా బాగుందనుకునేసరికి సేఠ్ లేబుళ్ల కట్టలు దించాడు. రంగుల్లో అచ్చు వేయించాడు. అడుగున 'ఏడాది పొడవునా చెడదు, కెమిస్టు పరీక్షించి ధ్రువీకరించినది' అని ఒక వరస. కాయితం మీద కెమిస్టు సంతకం ఉంటేనే ధర్మాబాద్ వాళ్లు సరుకు ఎత్తుతామన్నారట. మేడం లేబులు చూసి, మెల్లగా బల్ల మీద పెట్టింది.

"ఎండాకాలం నిలుస్తది, సంతకం పెడ్త. ఏడాది అంటే పెట్ట."

"ఏడాది అని రాస్తె మీ సొమ్మేం పోయింది మేడం? అందరు రాస్తలేరా?"

"బాలింతలు తినే నెయ్యి సేఠ్ సాబ్. ఏడాది నేను చూడలే."

సేఠ్ చెడ్డవాడు కాదు, అది చెప్పాలి. లేబుళ్లు అచ్చయిపోయాయి, సరుకు సిద్ధంగా ఉంది, ఎండలు మొదలయ్యాయి. ఆయనకూ దిక్కు తోచలేదు. మరుసటి రోజు మేడం చర్చి పని మీద సెలవు పెట్టిన పూట, నన్ను తన గదికి పిలిపించాడు. చాయ్ తెప్పించాడు. నా ముందు కాయితం జరిపి, "బిడ్డా, నువ్వు గూడ బీఎస్సీయే గద. పరీక్షలన్ని నీ చేతుల మీదనే ఆయె. నువ్వు పెట్టు సంతకం. రేపటి సంది ల్యాబు నీదే. మీ బాపు ఎంత ఖుషీ అయితడు చెప్పు" అన్నాడు. బాపు అప్పుడు ఖాళీగా ఉన్నాడు, ఇంట్లో పొయ్యి వెలిగేది నా జీతంతోనే. అయినా కాయితాన్ని తిరిగి ఆయన వైపే జరిపాను. అది నాకు ఈనాటికీ గర్వమే.

"సేఠ్ సాబ్, ఏడాది చెడదని రాయాలంటే నేను ఏడాది చూడాలె. వచ్చే సంవత్సరం గీ రోజు పిలువుండ్రి, అప్పుడు చూసి పెడ్త."

ఆయన నన్ను తేరిపార చూశాడు. "ఆమెనే తయారు జేసింది నిన్ను" అన్నాడు. తిట్టానని ఆయన అనుకున్నాడు, నేను మాత్రం అంతటి పొగడ్త మళ్లీ వినలేదు. వెళ్లమని చేత్తో సైగ చేశాడు. ఉద్యోగం పోయినట్టేనని ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకున్నాను.

తెల్లారి వెళ్లేసరికి కార్ఖానాలో విచిత్రం. లేబుళ్లు అంటించే ఆడవాళ్లందరి చేతుల్లో కత్తెరలు. వాళ్ల మధ్య చాప మీద సేఠ్ కూడా కత్తెర పట్టుకుని కూర్చుని, లేబులు అడుగున ఉన్న ఆ ఒక్క వరసనూ కత్తిరిస్తున్నాడు. నన్ను చూసి, "ఇద్దరు ఆడోళ్లు ఒక్కటైతె సేఠేం జేస్తడు! నిలవడి సూస్తవేంది, నువ్వో కత్తెర పట్టు" అన్నాడు. ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

మేడానికి అప్పటికే అంతా తెలిసిపోయింది. నన్ను మెచ్చుకుంటుందని నేను ఛాతీ ఉబ్బించుకుని ల్యాబులోకి వెళ్లాను. "పొద్దున తిన్నవా?" అంది, అంతే. కొత్తగా రాసిన కాయితం నా ముందు పెట్టింది. 'ఒక ఎండాకాలం నిలుస్తుంది, మూత బిగించి నీడన ఉంచవలెను' అని ఉంది. అప్పటిదాకా ఏ కాయితం మీదా నా పేరు ఉండేది కాదు. కలం నా చేతికిచ్చి, సంతకం చేసే చోటు చూపించింది. ఆమె ఎప్పుడూ పెట్టే చోటే అది.

"ఇక్కడ మీరు కదా మేడం పెట్టేది?" అన్నాను.

"నువ్వు పైన పెట్టు. కింద నేనుంట."

పెట్టాను. కళ్లు నిండిపోయి నా పేరు నాకే సరిగా కనిపించలేదు. దాని కింద ఆమె గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. ఆ వేసవి ధర్మాబాద్ నుంచి ఒక్క సీసా తిరిగి రాలేదు. పోశవ్వకు మేడం ఒక సీసా తీసుకెళ్లి ఇస్తే, వాసన చూసి, "మంచిగున్నది గనీ ఆకు లేని లోటు కనవడ్తున్నది" అందట.

డెబ్భైల మధ్యలో సలోమి మేడం జబ్బు చేసి మోస్రాలో కన్నుమూసింది. ల్యాబు నా చేతికొచ్చింది. అక్కడి నుంచి ఇంకో చోటికి, అక్కడి నుంచి మరింత పెద్ద చోటికి వెళ్లాను. పదవీ విరమణ చేసే రోజు దాకా ఎన్ని కాయితాల మీద సంతకాలు చేశానో దేవుడికే తెలియాలి. ప్రతిసారీ నా పేరు రాసి, కింద ఒక వరస పట్టేంత చోటు ఖాళీగా వదిలేదాన్ని. కొత్తగా చేరిన పిల్లలు, "మేడం, కింద ఇంకెవరైనా పెట్టాలా?" అని అడిగేవారు. "అవసరం లేదు, కింద మా మేడం ఉంది" అనేదాన్ని.